నాన్నకి లివర్ సిర్రోసిస్, పొట్టలో నీరు చేరింది. నెట్‌లో రెండేళ్లే అని ఉంది, నిజమేనా?

గోదావరి_గట్టు | ఫిబ్రవరి 9, రాత్రి 11:48

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. మా నాన్నకి 57 ఏళ్లు, లారీ నడిపేవారు, ఇరవై ఏళ్లుగా మందు అలవాటు, షుగర్ కూడా ఉంది. సంక్రాంతికి ఇంటికి వెళ్లేసరికి కాళ్లు వాచి, పొట్ట కుండలా ఉంది. అమ్మేమో గ్యాస్ అనుకుని రోజూ నీళ్లలో కలిపే సోడా పొడి ఇస్తోంది. ఆసుపత్రిలో చేర్పిస్తే సూదితో 6 లీటర్ల నీరు తీశారు, అల్బుమిన్ బాటిళ్లు ఎక్కించారు, సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడింది అన్నారు. రిపోర్టులో బిలిరుబిన్ 2.6, అల్బుమిన్ 2.7, ఐఎన్ఆర్ 1.6, క్రియాటినిన్ 1.0, సోడియం 131. మతి స్థిరంగానే ఉంది, నెత్తురు వాంతి ఎప్పుడూ కాలేదు.

అక్కడ డాక్టర్ గారు మాతో మూడు నిమిషాలు కూడా మాట్లాడలేదు, తాగుడు మానాలి, మందులు వాడాలి అన్నారు, అంతే. రాత్రి నెట్‌లో వెతికితే నీరు చేరాక సగటున రెండేళ్లు అని ఉంది. చెల్లి పెళ్లి వచ్చే ఏడాది చేద్దాం అనుకున్నాం. ముందుకు జరపాలా? ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పండి, ధైర్యం కోసం అబద్ధం చెప్పొద్దు.

---

కృష్ణలంక | ఫిబ్రవరి 10, ఉదయం 5:55

తమ్ముడూ, నీ పోస్టు పొద్దున్నే చూశాను. నాకు 63, సిర్రోసిస్ అని తెలిసి పదేళ్లయింది, ఇవాళ కూడా కాలవ గట్టున నడిచి వచ్చాకే ఇది రాస్తున్నాను. నాది మీ నాన్నగారి కేసు కాదు, నాకు నీరు ఎప్పుడూ చేరలేదు, కాబట్టి నన్ను చూసి లెక్క వేసుకోకు. కానీ ఈ జబ్బు పేరు ఒకటే, లోపల కథలు వేరు వేరు. డాక్టర్లు ఎవరైనా వచ్చి వివరంగా రాస్తారు, ఆగు. ఈలోపు రాత్రుళ్లు నెట్‌లో వెతకడం మానెయ్, నేను మొదటి నెల అంతా ఆ పని చేసి నిద్ర పోగొట్టుకున్నాను.

---

లివర్_వార్డు_నుంచి | ఫిబ్రవరి 10, రాత్రి 10:20

నేను డాక్టర్‌ని, గ్యాస్ట్రోలో, అంటే పొట్ట, లివర్ జబ్బుల్లో డీఎం చేస్తున్నాను. ఇక్కడ మందుల డోసు చెప్పను, మీ డాక్టరే చెప్పాలి. మీరు అడిగిన ప్రశ్నకి మాత్రం నాకు తెలిసింది దాచకుండా రాస్తాను.

మీరు చూసిన ఆ రెండేళ్ల అంకె ఉత్తుత్తిది కాదు. 2006లో ఇటలీకి చెందిన డి అమికో బృందం 118 అధ్యయనాలను కలిపి చూసింది. సిర్రోసిస్ ఉన్నా ఏ ఇబ్బందీ బయటపడనివాళ్లలో, అంటే కంపెన్సేటెడ్ దశలో, సగం మంది 12 ఏళ్లు దాటి బతికారు. పొట్టలో నీరు, నెత్తురు వాంతి, మతి తప్పడం, కామెర్లు, వీటిలో ఒకటి వచ్చి డీకంపెన్సేటెడ్ అయ్యాక ఆ మధ్య అంకె దాదాపు 2 ఏళ్లకి పడిపోయింది. ఏడాదిలో చనిపోయే అవకాశం కూడా అందులోనే ఉంది: ఏమీ లేనప్పుడు 1 శాతం, అన్నవాహికలో నరాలు, అంటే రక్తనాళాలు, ఉబ్బి ఉంటే 3.4, నీరు చేరితే 20, నరాలు పగిలి రక్తస్రావం అయితే 57. ఆ చివరి అంకె పాత రోజులది, ఇప్పుడు రక్తస్రావమైన ఆరు వారాల్లో పోయేవాళ్లు 15 నుంచి 20 శాతం.

ఇంతవరకూ చదివి భయపడకండి, అసలు విషయం ఇప్పుడు చెబుతాను. ఆ రెండేళ్ల గుంపులో తాగుడు మానినవాళ్లు, మాననివాళ్లు, హెపటైటిస్‌కి మందే లేని కాలం వాళ్లు అందరూ కలిసి ఉన్నారు. మధ్య అంకె అంటే సగం మంది అంతకంటే ఎక్కువే బతికారని కూడా అర్థం. మీ నాన్నగారు ఆ గుంపులో ఏ సగంలో ఉంటారన్నది చాలావరకు ఈ మొదటి ఆరు నెలల్లో ఏం జరుగుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దీన్ని మా సీనియర్లు వార్డులో రోజూ చెబుతారు, నేనూ కళ్లారా చూశాను.

మీ అంకెలతో, లివర్ ఎంత దెబ్బతిందో చెప్పే చైల్డ్ పుగ్ స్కోరు వేశాను. బిలిరుబిన్‌కి 2, అల్బుమిన్‌కి 3, ఐఎన్ఆర్‌కి (రక్తం గడ్డకట్టే పరీక్ష) 1, అంత నీరు తీశారు కాబట్టి 3, మతి సరిగా ఉంది కాబట్టి 1, మొత్తం 10. 5, 6 అయితే ఎ, 7 నుంచి 9 బి, 10 నుంచి 15 సి. అంటే ఆయన సిలో మొదటి మెట్టు మీద ఉన్నారు. లివర్ మార్పిడి (ట్రాన్స్‌ప్లాంట్) ఎంత తొందరగా అవసరమో చెప్పే మెల్డ్ స్కోరు 15 వస్తుంది, సోడియం తక్కువ కాబట్టి అదీ కలిపితే 20. మెల్డ్ 15 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, లేదా నీరు చేరినా, ఒకసారి ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌లో చూపించుకోమంటారు. చూపించుకోవడం అంటే రేపే ఆపరేషన్ అని కాదు, పేరు ఒక చోట ఉండటం.

ఇక తాగుడు. 1968లో అమెరికాలో పవెల్, క్లాట్‌స్కిన్ అనే డాక్టర్లు మద్యం వల్ల సిర్రోసిస్ వచ్చినవాళ్లని చూస్తే, మానినవాళ్లలో అయిదేళ్లకి 63 శాతం, మాననివాళ్లలో 40 శాతం బతికి ఉన్నారు. అప్పటికి ఇప్పుడున్న చాలా మందులు, బ్యాండింగ్ (ఉబ్బిన నరాలకి రబ్బరు బ్యాండ్లు వేయడం), మామూలు చికిత్సగా ట్రాన్స్‌ప్లాంట్ లేవు, ఆ తేడా చాలావరకు మానడం వల్లే వచ్చింది. తగ్గించడం కాదు, పూర్తిగా మానడం. "బీరు పర్లేదు కదా" అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరైనా వస్తారు నా దగ్గరికి. పర్లేదు అని ఏ డాక్టరూ చెప్పలేడు.

చెల్లి పెళ్లి గురించి: ఈ స్కోరు మీద పెళ్లి తేదీ మార్చకండి. మూడు నెలలు ఆగి మళ్లీ రక్తపరీక్షలు చూసి అప్పుడు మాట్లాడుకుందాం.

---

గోదావరి_గట్టు | ఫిబ్రవరి 10, రాత్రి 11:31

డాక్టర్ గారూ, మూడుసార్లు చదివాను. అమ్మకి చదివి వినిపించాను, 57 శాతం అన్న అంకె వదిలేసి. థ్యాంక్స్ అన్నది చాలా చిన్న మాట.

---

పల్నాడు_రైతు | ఫిబ్రవరి 11, ఉదయం 7:10

బాబూ, మా వైపు కామెర్లకి పసరు మందు పోసే ఆయన ఉన్నారు, మూడు ఆదివారాలు పోస్తారు, మా బావమరిదికి నెలలో కళ్ల పచ్చదనం పోయింది. ఇంగ్లీషు మందుతో పాటు అదీ చూడండి, పోయేదేముంది.

---

లివర్_వార్డు_నుంచి | ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 1:45

పెద్దాయనా, మీరు మంచి మనసుతోనే చెప్పారు, అందుకే వివరంగా రాస్తున్నాను. మీ బావమరిదికి వచ్చింది బహుశా కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ లేదా ఇ అయి ఉంటుంది. అది చాలామందిలో నాలుగు నుంచి ఆరు వారాల్లో దానంతటదే తగ్గుతుంది, పసరు పోసినా పోయకపోయినా. సిర్రోసిస్ అలా కాదు. ఉన్న కాస్త లివర్‌తో నెట్టుకొస్తున్న మనిషికి లోపల ఏముందో తెలియని ఆకు పసరు పోస్తే, ఆ మిగిలింది కూడా దెబ్బతిని వారాల్లో ప్రాణం మీదకి రావచ్చు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం రోజూ తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ల కేసులు మన దేశంలోనే పలు నగరాల డాక్టర్లు రాశారు. "పోయేదేముంది" అన్న మాట ఈ జబ్బులో వాడకూడదండీ.

ఇంకొకటి, నొప్పి మాత్రలు. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుంటే కిడ్నీ దెబ్బతింటుంది, నీరు పెరుగుతుంది, రక్తస్రావం కూడా అవ్వచ్చు. చాలామంది పారాసెటమాల్‌కి భయపడి వీటిని వేసుకుంటారు, నిజానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాలే వీళ్లకి నయం.

---

పల్నాడు_రైతు | ఫిబ్రవరి 11, సాయంత్రం 6:02

అర్థమైంది డాక్టరు బాబూ. మా ఊళ్లో ఇంకొకరు ఉన్నారు నీరు చేరినవాళ్లు, వాళ్లకీ చెబుతాను పసరు వద్దని.

---

పోషణ_విజయవాడ | ఫిబ్రవరి 12, ఉదయం 11:15

నేను డైటీషియన్‌ని. తిండి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను, ఈ జబ్బులో బతికే కాలాన్ని మార్చేది మందులే కాదు, కండ కూడా. పొట్ట పెద్దదిగా ఉంటుంది కాబట్టి మనిషి చిక్కిపోయినట్టు కనపడదు, కానీ చేతులు, తొడలు, కణతలు చూడండి, అక్కడ కండ కరిగిపోతూ ఉంటుంది. కండ పోయినవాళ్లకి ఇన్ఫెక్షన్లు ఎక్కువ, ఆసుపత్రిలో చేరడం ఎక్కువ, ట్రాన్స్‌ప్లాంట్ చేసినా కోలుకోవడం కష్టం.

మన ఇళ్లలో లివర్ జబ్బు అనగానే పప్పు, గుడ్డు, పాలు అన్నీ ఆపేసి ఇడ్లీ, చప్పిడి మజ్జిగ అన్నం పెడతారు. అది తప్పు. కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. నీరు లెక్కలోకి తీసుకోకుండా 60 కిలోలు ఉండే మనిషికి అది 72 నుంచి 90 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాములే వస్తుంది, కాబట్టి పూటపూటకీ పప్పు, పెరుగు, శనగలు, పనీరు, గుడ్డు, చేప ఏదో ఒకటి ఉండి తీరాలి. మతి తప్పుతుందని ప్రొటీన్ ఆపడం పాత పద్ధతి, ఇప్పుడు ఆపమనరు. మరీ అనుమానంగా ఉంటే పప్పులు, పెరుగు వైపు మొగ్గు చూపండి.

రాత్రి పడుకునే ముందు ఏదైనా తినాలి. ఆరోగ్యంగా ఉన్న లివర్ రాత్రికి సరిపడా చక్కెర దాచుకుంటుంది, వీళ్ల లివర్ దాచలేదు, అందుకే వీళ్లకి ఒక్క రాత్రి పస్తు మనకి రెండు మూడు రోజుల పస్తుతో సమానం. తెల్లారేసరికి ఒళ్లు తన కండని తానే తినేస్తుంది. తొమ్మిదిన్నరకి ఒక గ్లాసు పాలతో రెండు మూడు ఇడ్లీలో, జొన్నరొట్టో, ఉప్మానో. షుగర్ ఉందన్నారు కాబట్టి ఎంత అన్నది మీ డాక్టర్‌ని అడగండి. శనివారాలు, కార్తీకమాసం ఉపవాసాలు వీళ్లకి వద్దే వద్దు. దేవుడు కోప్పడడు.

ఉప్పు: రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా, వంటలో వేసినదీ కలిపి. మన తెలుగువాళ్లకి ఇదే నరకం. ఆవకాయ, మాగాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఎండుచేప, చింతకాయ పచ్చడి, ఇవి బంద్. మీ అమ్మగారు ఇస్తున్న ఆ సోడా పొడిలో కూడా సోడియం బాగా ఉంటుంది, తెలియక ఇచ్చారు, ఇకపై వద్దు. తక్కువ సోడియం ఉప్పు అని షాపులో అమ్ముతారు, అది కొనకండి, అందులో పొటాషియం ఉంటుంది, నీరు తగ్గడానికి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ మాత్రతో కలిస్తే పొటాషియం పెరిగి గుండెకి ప్రమాదం. అదే కారణానికి రోజూ కొబ్బరినీళ్లు కూడా వద్దు. కోనసీమ దగ్గరవాళ్లకి ఇది చెప్పడం కష్టమని తెలుసు. ఉప్పు లేని కూరకి నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి, ధనియాల పొడి, కొత్తిమీర వేయండి, రెండు వారాలకి నాలుక అలవాటు పడుతుంది.

---

శాంతి_హనుమకొండ | ఫిబ్రవరి 12, రాత్రి 9:40

మా ఆయనకి 49, హెపటైటిస్ బి వల్ల సిర్రోసిస్, నాలుగేళ్లయింది. డాక్టర్ గారు మతి తప్పడం అని ఒక్క మాటలో రాశారు, ఇంట్లో అది ఎలా మొదలవుతుందో నేను చెబుతాను, ఎందుకంటే నేను గుర్తుపట్టలేక ఒకసారి చాలా ఆలస్యం చేశాను. మొదట నిద్ర తలకిందులైంది, పగలంతా కునికేవారు, రాత్రి రెండింటికి లేచి బీరువా సర్దేవారు. తర్వాత చిన్న మాటకి కోపం. ఒకరోజు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టింది. చాదస్తం అనుకున్నాను. ఆ రాత్రి నన్నే ఎవరని అడిగారు. చేతులు చాచమంటే అరచేతులు పక్షి రెక్కల్లా కొట్టుకున్నాయి. అంబులెన్స్‌లో తీసుకెళ్లాం. కారణం ఏమిటంటే మూడు రోజులుగా విరేచనం కాలేదు, అంతే.

అప్పటి నుంచి లాక్టులోజ్ సిరప్ మా ఇంట్లో ఉప్పు కన్నా ముందు సామాను లిస్టులో ఉంటుంది. రోజుకి రెండు మూడు సార్లు మెత్తగా మోషన్ అవ్వాలి, తక్కువైతే సిరప్ పెంచాలి, నీళ్లలా అయిపోతే తగ్గించాలి, ఎందుకంటే ఒంట్లో నీరు పోయినా మతి తప్పుతుంది. బస్సు ప్రయాణమంటే ఆయన సిరప్ ఎగ్గొట్టాలని చూస్తారు, నేను ఒప్పుకోను. రోజూ పొద్దున ఒక నోటుపుస్తకంలో సంతకం పెట్టిస్తాను. సంతకం వంకర పోయిన రోజు డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. రెండుసార్లు అలా ముందే పట్టుకున్నాం, ఆసుపత్రి దాకా వెళ్లలేదు.

---

లివర్_వార్డు_నుంచి | ఫిబ్రవరి 12, రాత్రి 11:05

శాంతి గారూ, ఆ సంతకం పుస్తకం ఆలోచన మా వార్డులో అందరికీ చెబుతాను. మీరు చేస్తున్నదానికి ఆధారం కూడా ఉంది. 2009లో ఢిల్లీ జీబీ పంత్ ఆసుపత్రి డాక్టర్లు ఒకసారి మతి తప్పి కోలుకున్నవాళ్లని రెండు గుంపులు చేసి చూశారు. లాక్టులోజ్ వాడినవాళ్లలో 19.6 శాతానికి, వాడనివాళ్లలో 46.8 శాతానికి మళ్లీ వచ్చింది. చవకైన సిరప్ అది. అయినా మళ్లీ వస్తే రిఫాక్సిమిన్ మాత్ర కలుపుతారు.

మీ ఆయనది హెపటైటిస్ బి అన్నారు, అందులో ఆశ ఎక్కువ. వైరస్‌ని అణిచే టెనోఫోవిర్ మాత్ర అయిదేళ్లు వాడి మళ్లీ బయాప్సీ చేస్తే, మొదట్లో సిర్రోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి అది వెనక్కి తగ్గిందని 2013లో ఒక అధ్యయనం వచ్చింది. నీరు చేరినవాళ్లకి అలాంటిదే ఎంటెకావిర్ ఇచ్చి చైనాలో చూస్తే 120 వారాలకి సగం మందికి పైగా మళ్లీ కుదుటపడ్డారు. దీనికి ఇప్పుడు రీకంపెన్సేషన్ అని పేరు పెట్టారు. కారణం పోయి, నీటికీ మతికీ ఇచ్చే మందులు లేకుండానే ఏడాది పాటు నీరు, మతి తప్పడం లేకుండా, రక్తస్రావం కాకుండా, రక్తపరీక్షలు కూడా మెరుగైతేనే ఆ మాట వాడాలని 2021లో బవేనో సమావేశంలో నిపుణులు తేల్చారు. హెపటైటిస్ బి మాత్ర మాత్రం సొంతంగా ఎప్పుడూ ఆపకండి, ఆపితే వైరస్ ఒక్కసారిగా లేచి లివర్‌ని పూర్తిగా కూల్చేయగలదు.

---

కృష్ణలంక | ఫిబ్రవరి 13, ఉదయం 6:20

నా కథ కూడా రాస్తాను. 1989లో నాకు లారీ ప్రమాదం జరిగింది, రక్తం ఎక్కించారు. అప్పటికి మన దేశంలో రక్తనిధుల్లో హెపటైటిస్ సి పరీక్ష లేదు, 2001 నుంచే తప్పనిసరి చేశారు. పాతికేళ్లు ఏమీ తెలియలేదు. తీరా తెలిసేసరికి సిర్రోసిస్, లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్‌లో 19. అమెరికాలో దీనికి మందైన సోఫోస్‌బువిర్ ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు అని పేపర్లో చదివి ఇల్లు అమ్మినా చాలదనుకున్నాను. 2015లో హైదరాబాద్ కంపెనీ నాట్కో జెనెరిక్ తెచ్చింది, నేను 2016లో కోర్సు పూర్తి చేశాను, వైరస్ పోయింది. ఇప్పుడైతే 2018లో మొదలైన కేంద్రం జాతీయ కార్యక్రమంలో బి, సి రెండింటికీ మందులు ఉచితంగానే ఇస్తున్నారు, ఎవరూ అప్పు చేయక్కర్లేదు.

వైరస్ పోయినా లివర్ క్యాన్సర్ వస్తే ముందే పట్టుకోవడానికి నాకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష తప్పవని డాక్టర్ చెప్పారు. పదేళ్లలో ఒక్కటి కూడా మానలేదు. క్యాలెండర్‌లో జనవరి, జులై పేజీల మీద ఎర్ర గీత పెట్టుకుంటాను.

---

నెల్లూరు_అమ్మాయి | ఫిబ్రవరి 13, రాత్రి 10:50

కృష్ణలంక గారి చివరి మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మకి హెపటైటిస్ బి సిర్రోసిస్. ఏడేళ్లు చాలా బాగుంది, ఇంటి పని అంతా చేసుకునేది, మందు ఒక్కరోజు మానలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, స్కాన్ వాయిదా వేశాం. తర్వాత బాగానే ఉంది కదా అని ఇంకోసారి వాయిదా. 2022లో బరువు తగ్గుతోందని తీసుకెళితే లివర్‌లో 7 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ, రక్తనాళంలోకి పాకింది. ఎనిమిది నెలలు ఉంది ఆ తర్వాత. ఆ రెండు స్కాన్లు చేయించి ఉంటే చిన్నగా ఉన్నప్పుడే దొరికేదేమో అని రోజూ అనుకుంటాను. గోదావరి_గట్టు గారూ, నీరు తగ్గాక, నాన్నగారు నవ్వుతూ తిరుగుతున్నప్పుడు కూడా ఆ స్కాన్ మానకండి. అప్పుడే మానాలనిపిస్తుంది.

---

శాంతి_హనుమకొండ | ఫిబ్రవరి 13, రాత్రి 11:12

చెల్లీ, ఆ రోజుల్లో ఆసుపత్రికి వెళ్లడానికే భయపడ్డాం అందరం. నువ్వు తప్పు చేయలేదు.

---

లివర్_వార్డు_నుంచి | ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 2:30

నెల్లూరు అమ్మాయి గారూ, శాంతి గారు చెప్పిందే నేనూ చెబుతాను. మీరు ఇది రాయడం వల్ల ఎవరో ఒకరు స్కాన్‌కి వెళతారు.

ఒక్క గడ్డ 5 సెంటీమీటర్లలోపు, లేదా మూడు గడ్డల వరకు ఒక్కోటి 3 సెంటీమీటర్లలోపు ఉంటే ట్రాన్స్‌ప్లాంట్‌తో నయం చేయవచ్చని 1996లో మిలాన్ డాక్టర్లు చూపించారు, అలాంటివాళ్లలో నాలుగేళ్లకి 75 శాతం బతికి ఉన్నారు. ఆరు నెలల గడువు పెట్టింది ఆ సైజులో ఉండగానే పట్టుకోవడానికి.

గోదావరి_గట్టు గారూ, మీ నాన్నగారికి ఎండోస్కోపీ చేశారా? మీరు రాయలేదు. నీరు చేరినవాళ్లకి నరాలు ఉబ్బి ఉండే అవకాశం బాగా ఎక్కువ. ఉంటే కార్వెడిలాల్ లేదా ప్రొప్రనొలాల్ మాత్రలు, లేదంటే రబ్బరు బ్యాండ్లు వేయడం. పగలకముందే చేస్తే ఆ గండం చాలావరకు తప్పుతుంది. నీరు కూడా పరీక్షకి పంపారో లేదో అడగండి, అందులో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 250 దాటితే ఇన్ఫెక్షన్. జ్వరం, కడుపునొప్పి, ఉన్నట్టుండి మతి మారడం, నల్లగా తారులాంటి విరేచనం, మూత్రం బాగా తగ్గడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

---

గోదావరి_గట్టు | ఫిబ్రవరి 21, రాత్రి 10:05

ఎండోస్కోపీ చేయించాం. నరాలు పెద్దవిగానే ఉన్నాయన్నారు, రెండు విడతల్లో బ్యాండ్లు వేస్తారట. మీరు అడగకపోతే మాకు తట్టేది కాదు. నీటిలో ఇన్ఫెక్షన్ లేదు. నాన్న జనవరి 16 నుంచి చుక్క ముట్టలేదు, కానీ సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి రోడ్డు చూస్తూ ఉంటారు. డీఅడిక్షన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలనుకుంటున్నాను. ఆయనకి నామోషీ.

ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఎవరైనా చెబుతారా? నేను ఇవ్వడానికి రెడీ. అమ్మ ఏడుస్తోంది.

---

డాలస్_తమ్ముడు | ఫిబ్రవరి 22, ఉదయం 8:35

నేను 2019లో హైదరాబాద్ వచ్చి మా అన్నయ్యకి లివర్ ఇచ్చాను. అప్పుడు నాకు 36. కుడివైపు భాగం, దాదాపు 60 శాతం తీశారు. మీ అమ్మగారికి చదివి వినిపించడానికి వీలుగా రాస్తాను.

ముందు నెల రోజులు నాకే పరీక్షలు. సీటీ, ఎంఆర్ఐ, గుండె, మానసిక డాక్టర్‌తో మాటలు. నాకు కొంచెం ఫ్యాటీ లివర్ ఉందని రెండు నెలల్లో 7 కిలోలు తగ్గమన్నారు, తగ్గాకే ఒప్పుకున్నారు. ఆపరేషన్ తర్వాత మొదటి వారం నొప్పి బాగా ఉంది, దాచడం ఎందుకు. ఆరు వారాలు బరువులు ఎత్తలేదు, మూడు నెలలకి ఆఫీసులో చేరాను. మిగిలిన లివర్ కొద్ది నెలల్లోనే పెరిగి దాదాపు మామూలు సైజుకి వచ్చింది. దాతకి కూడా ప్రాణాపాయం పూర్తిగా లేదని, వెయ్యిమందిలో కొద్దిమందికి జరగవచ్చని సర్జన్ నా భార్యని కూర్చోబెట్టి చెప్పారు, అలా ముందే చెప్పినందుకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

కొత్త లివర్‌ని ఒళ్లు తిప్పికొట్టకుండా అన్నయ్య రోజూ రెండు పూటలా టాక్రోలిమస్ వేసుకుంటాడు, ఇక జీవితాంతం వేసుకోవాలి. నిరుడు కిడ్నీ అంకె కొంచెం పెరిగితే డోసు సర్దారు. బీపీ వచ్చింది. కానీ పిల్లని స్కూల్లో దింపుతున్నాడు, స్కూటర్ మీద. ఇక్కడ అమెరికాలో 2002 నుంచి మెల్డ్ స్కోరు ఎక్కువ ఉన్నవాళ్లకి ముందు అవయవం ఇస్తారు, ఎక్కువగా బ్రెయిన్‌డెడ్ దాతల నుంచి. మన దగ్గర ఎక్కువ ఇంట్లోవాళ్లే ఇస్తున్నారు. అయినా బ్రెయిన్‌డెడ్ దాతల అవయవాల కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు రాయించండి, రెండు దారులూ తెరిచి ఉంచుకోవాలి.

---

లివర్_వార్డు_నుంచి | ఫిబ్రవరి 22, రాత్రి 9:50

బాగా చెప్పారు. ఒక్కటే కలుపుతాను. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో నూటికి 70 మందికి పైగా అయిదేళ్లు దాటుతున్నారు. కానీ మీ నాన్నగారి మెల్డ్ 15 దగ్గరే ఉంది, కారణమైన తాగుడు ఇప్పుడే ఆగింది, ఇంకా బాగుపడే అవకాశం ఉంది. వియన్నాలో మద్యం పూర్తిగా మానిన 204 మందిని గమనిస్తే 18 శాతం మంది ట్రాన్స్‌ప్లాంట్ లేకుండానే రీకంపెన్సేషన్ స్థాయికి వచ్చారు. అయిదుగురిలో ఒకరు కూడా కాదు, ఎక్కువ ఆశ పెట్టను. కానీ ఆ స్థాయికి రాకపోయినా చాలామంది సి నుంచి బికి దిగుతారు. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలు చూస్తారు. ఆ లోపు దిగజారితే ఆపరేషన్ గురించి ఆలస్యం చేయకూడదు. మీరు బరువు ఎక్కువ ఉంటే ఇప్పటి నుంచే తగ్గండి.

డీఅడిక్షన్‌కి నామోషీ అంటున్నారు కదా. నాన్నగారికి చెప్పండి, అదీ షుగర్ డాక్టర్‌లాగే ఒక డాక్టర్. తాగాలనే కోరికని తగ్గించే బాక్లోఫెన్ లాంటి మందులు కూడా ఉన్నాయి, లివర్ డాక్టర్‌తో కలిసి చూసి ఇస్తారు.

---

గోదావరి_గట్టు | జూన్ 3, రాత్రి 9:15

చాలా రోజులకి వచ్చాను. బ్యాండ్లు అయిపోయాయి. మార్చిలో ఇంకోసారి 4 లీటర్లు తీశారు, ఆ తర్వాత మళ్లీ తీయలేదు, మాత్రలతోనే ఆగుతోంది. కానీ నిజం చెప్పాలి. ఏప్రిల్‌లో మేనమామ కొడుకు పెళ్లిలో నాన్న తాగారు. రెండు రోజులు. మూడో రోజు కళ్లు పచ్చబడ్డాయి. వారం ఆసుపత్రిలో ఉన్నాం. నేను ఆయన్ని అరిచాను, ఆయన ఏమీ అనలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఇక్కడ రాయడానికి సిగ్గేసింది.

---

కృష్ణలంక | జూన్ 4, ఉదయం 5:40

సిగ్గెందుకు తమ్ముడూ. నువ్వు రాశావు, అది చాలు. అరిచినందుకు ఆయన దగ్గరికి వెళ్లి కూర్చో. తాగుడు గురించి మాట్లాడకు, లారీల గురించి మాట్లాడు.

---

పోషణ_విజయవాడ | జూన్ 4, ఉదయం 10:30

రాత్రి తొమ్మిదిన్నర టిఫిన్ పెడుతున్నారా? బరువు కాదు, చేతి కండ ఎలా ఉందో రాయండి.

---

గోదావరి_గట్టు | అక్టోబర్ 19, రాత్రి 8:55

అందరికీ. ఏప్రిల్ తర్వాత నాన్న మళ్లీ ముట్టలేదు. డీఅడిక్షన్ డాక్టర్ దగ్గరికి ఇప్పుడు తనే బస్సెక్కి వెళ్తున్నారు. ఈ వారం రిపోర్టులు: బిలిరుబిన్ 1.4, అల్బుమిన్ 3.3, ఐఎన్ఆర్ 1.3. స్కాన్‌లో కొంచెమే నీరు, గడ్డలు ఏమీ లేవు. నేనే స్కోరు వేశాను, 7 వచ్చింది, డాక్టర్ గారూ సరిచూడండి. రాత్రి పెసరట్టు, పాలు. అమ్మ ఆవకాయ జాడీని పెదనాన్నవాళ్లింట్లో పెట్టింది. కృష్ణలంక గారూ, మీరు చెప్పినట్టే లారీల గురించి మాట్లాడుకుంటున్నాం, 1994లో నాగపూర్ దారిలో టైరు పేలిన సంగతి ఇప్పటికి నాలుగుసార్లు విన్నాను.

పెళ్లి ఫిబ్రవరిలో పెట్టుకున్నాం, తేదీ ముందుకు జరపలేదు. ఒక సందేహం: తర్వాతి స్కాన్ ఏప్రిల్‌లో రావాలి, కానీ అప్పుడు నేను ఉద్యోగం మీద పుణెలో ఉంటాను. మార్చిలోనే చేయించేస్తే నష్టమేమైనా ఉందా?

---

లివర్_వార్డు_నుంచి | అక్టోబర్ 19, రాత్రి 11:20

స్కోరు సరిగ్గా 7, బిలో మొదటి మెట్టు. ఒక నెల ముందు చేయించినా నష్టం లేదు, వెనక్కి మాత్రం జరపకండి. పెళ్లి వంటల్లో ఆయన ప్లేటుకి ఉప్పు తక్కువ కూర విడిగా తీయించండి, ఆ రోజు మాత్రలు ఎవరి జేబులో ఉంటాయో ముందే అనుకోండి.

---

నెల్లూరు_అమ్మాయి | అక్టోబర్ 20, ఉదయం 7:05

మార్చి పేజీ మీద ఇప్పుడే ఎర్ర గీత పెట్టండి. నేను ఫిబ్రవరి చివర్లో ఇక్కడికి వచ్చి గుర్తు చేస్తాను.